శుక్లం ఆపరేషన్ ఇప్పుడే చేయించుకోవాలా, ఆగాలా? చెన్నైలో రెండు ఆస్పత్రులు తిరిగిన నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఆస్పత్రుల పేర్లు ఉండవు. ఒకే బిల్డింగులో ఒక రూములో డాక్టరు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్తారు, పక్క రూములో ఆయన మన మొహం కూడా చూడరు, అలాంటప్పుడు పేరు రాసి ఏం లాభం. మొదటిది మెయిన్ రోడ్డు మీద అద్దాల బిల్డింగు, ఏసీ, కాఫీ మిషను అన్నీ ఉన్న చైన్ ఆస్పత్రి. రెండోది ట్రస్టు వాళ్ళది, తెల్లారకముందే జనం లైన్లో ఉంటారు. రెండు చోట్లా చూపించుకుని చివరికి రెండోచోట రెండు కళ్ళకీ చేయించుకున్నా. నా వయసు 67, ఉండేది పెరంబూర్‌లో, సొంతూరు గూడూరు దగ్గర, ఇంట్లోనే జాకెట్లు కుడతా. కుట్టుపని గోల ఇక్కడెందుకు అంటారేమో, ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవాలి, ఏ లెన్సు పెట్టించుకోవాలి అన్నదంతా నా విషయంలో దాని మీదే తేలింది.

నాకు కాలేజీ రోజుల నుంచీ మైనస్ పవర్, మైనస్ నాలుగు. దూరం కనపడదు గానీ అద్దాలు తీసేస్తే దగ్గరిది బ్రహ్మాండంగా కనపడేది, మా వయసు వాళ్ళంతా చత్వారం అద్దాలు వెతుక్కుంటుంటే నేను అద్దాలు నెత్తి మీదకి తోసేసి సూదిలో దారం ఎక్కించేదాన్ని. అలాంటిది ఈ మధ్య మూడు నాలుగేళ్ళుగా పవర్ మళ్ళీ పెరగడం మొదలైంది, ఐదు, ఐదున్నర, ఆరు. అద్దాలు మార్చిన కొన్నాళ్ళకే మళ్ళీ మసక. మా వీధి చివర ఆప్టికల్ షాపు అబ్బాయే అన్నాడు, "ఆంటీ, ఈ వయసులో మైనస్ పెరుగుతోందంటే నా దగ్గర అద్దాలు మార్చుకుంటూ పోవడం కాదు, డాక్టరుకి చూపించండి" అని. అమ్ముకునేవాడు వద్దనడం అరుదు కదా, అతనికి ఇక్కడే ఒక దణ్ణం.

తర్వాత డాక్టరు చెప్పిన సంగతేంటంటే, కంట్లో సహజంగా ఉండే లెన్సు మధ్యలో గట్టిపడుతూ వస్తే వెలుగు మామూలుకంటే ఎక్కువ వంగుతుంది, అందుకే మైనస్ పెరుగుతుంది. చత్వారం ఉన్నవాళ్ళకి ఇదే ఇంకోలా కనపడుతుంది, ఉన్నట్టుండి అద్దాలు లేకుండా పేపర్ చదివేస్తారు. మా మేనత్త డెబ్బై దాటాక అలా చదవడం మొదలుపెట్టి ఆకుకూరల మహిమ అని ఊరంతా చెప్పుకుంది, అది శుక్లం మొదలు అని ఎవరికీ తెలీదు.

పవర్ కాకుండా ఇంకా కొన్ని ఉన్నాయి. నేవీ బ్లూ బట్టకి నల్లదారం వేసేసేదాన్ని, తేడా తెలిసేది కాదు, కస్టమర్ చెప్తే గానీ. ట్యూబులైటు కింద కుట్టలేక కిటికీ పక్కకి మిషను జరిపించుకున్నా. రాత్రి పూట రోడ్డు దాటాలంటే ఎదురొచ్చే బండి హెడ్‌లైటు చుట్టూ ముళ్ళు ముళ్ళుగా వెలుగు, బండి ఎంత దూరంలో ఉందో అర్థమయ్యేది కాదు. స్టాపులో నిలబడితే వచ్చేది 29సినా ఇంకోటా అని పక్కనవాళ్ళని అడగడం, వాళ్ళు చెప్పేలోపు బస్సు పోవడం. ఇన్ని ఉన్నా నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు, కాబట్టి వయసైపోయింది అనుకుని ఊరుకోవడం చాలా తేలిక. శుక్లంతో వచ్చిన చిక్కే అది.

ఇక మొదటి ఆస్పత్రి. లోపలికి అడుగు పెట్టగానే టోకెను, నవ్వుతూ పలకరింపు, పరీక్షలన్నీ చకచకా, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. డాక్టరు లైటు వేసి చూసి "రెండు కళ్ళలోనూ క్యాటరాక్ట్ ఉందమ్మా, తీసేద్దాం, కౌన్సెలర్‌తో మాట్లాడండి" అన్నారు, రెండు నిమిషాలు కూడా కాలేదు. కౌన్సెలర్ అమ్మాయి నెల్లూరు పిల్లే, చక్కగా తెలుగులో మాట్లాడింది, కానీ మాట్లాడిందంతా ప్యాకేజీ గురించే. అట్ట మీద వరసగా రేట్లు, ఇండియన్ లెన్సు 32,000, ఇంపోర్టెడ్ 58,000, దగ్గరా దూరం రెండూ కనపడే ట్రైఫోకల్ 1,10,000, లేజర్‌తో చేస్తే ఇంకో 40,000, ఇదంతా ఒక కంటికి. "ఈ నెలలో బుక్ చేసుకుంటే రెండో కంటికి డిస్కౌంట్ అమ్మా" అని కూడా అంది. నాకు కన్ను గురించి చెప్తోందా చీరల ఆఫర్ చెప్తోందా అర్థం కాలేదు. నేను ఏం పని చేస్తాను, రాత్రి బండి నడుపుతానా, ఎంత దూరంలో పెట్టుకుని చదువుతాను, ఒక్కళ్ళూ అడగలేదు. ఇంకా ఆగితే ఏమవుతుంది అంటే "పోస్ట్‌పోన్ చేస్తే రిస్క్ అమ్మా" అన్న ఒక్క మాట, ఏం రిస్కో చెప్పలేదు.

ఆ లేజర్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది లేజర్ అంటే కత్తి లేకుండా శుక్లం కరిగిపోతుంది అనుకుంటున్నారు. కాదు. లేజర్ చేసేది మొదట్లో కోత, లెన్సు చుట్టూ ఉన్న సంచికి గుండ్రంగా చిల్లు, లెన్సుని ముందుగా ముక్కలు చేయడం, ఇంతే, ఆ తర్వాత మామూలు ఆపరేషన్‌లాగే అల్ట్రాసౌండ్ పుల్లతో పగలగొట్టి పీల్చేయాల్సిందే. మా అబ్బాయి షోలింగనల్లూరులో ఐటీ ఉద్యోగం, వాడు ఏదైనా చదివితే గానీ నమ్మడు, 2020లో లాన్సెట్ పత్రికలో ఫ్రాన్స్ వాళ్ళ స్టడీ ఒకటి చూపించాడు, మామూలు ఫేకో, అంటే ఈ అల్ట్రాసౌండ్ పుల్ల ఆపరేషన్ కంటే లేజర్ వల్ల పేషెంటుకి అదనంగా ఒరిగిందేం లేదు, ఖర్చు మాత్రం ఎక్కువ అని తేలిందట. కొన్ని కష్టమైన కేసులకి పనికొస్తుందేమో, నాలాంటి మామూలు కేసుకి 40,000 అదనం ఎందుకు అని అక్కడే పక్కన పెట్టేశాం.

అలా అని భయపడి ఏళ్ళ తరబడి ఆగడం కూడా తప్పే. మా పెద్దాడబిడ్డ గూడూరులో ఉంటుంది, శుక్లం బాగా పండాక తీయించుకోవాలి అని పాతకాలం మాట పట్టుకుని కూర్చుంది. ఆ మాట ఒకప్పుడు నిజమే, ఆ రోజుల్లో లెన్సుని మొత్తంగా బయటికి లాగేవాళ్ళు, లోపల కొత్తది పెట్టేవాళ్ళు కాదు, తర్వాత జన్మంతా సోడాబుడ్డి కళ్ళద్దాలు, కాబట్టి పూర్తిగా కనపడకుండా పోయేదాకా ఆగితేనే లాభం. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి కంట్లో కృత్రిమ లెన్సు పెట్టాడు, 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ ఈ అల్ట్రాసౌండ్ పద్ధతి తెచ్చాడు, ఆ తర్వాత లెక్కే మారిపోయింది. ఇప్పుడు పండనిస్తేనే కష్టం. ఆడబిడ్డ లెన్సు ముదిరి టీ డికాక్షన్ రంగులోకి వచ్చేసింది, చిన్న కోతతో పగలగొట్టడం కుదరదని పెద్ద కోతతో తీశారు, కార్నియా, అంటే కంటి ముందుండే అద్దంలాంటి పొర వాచి చూపు తేటపడటానికి బాగా టైం పట్టింది. ఇప్పుడు బాగానే ఉంది, కానీ మూడు మిల్లీమీటర్ల కోతతో పోయేదానికి అంత అవస్థ పడింది.

రెండో ఆస్పత్రికి పక్కింటావిడ తీసుకెళ్ళింది. కూర్చోవడానికి చోటు దొరకలేదు, ఫ్యాను గాలి తగిలే కుర్చీకి పోటీ, టిఫిను టైం దాటిపోయింది, పిలుపు తమిళంలో మైకులో. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి మళ్ళీ కూర్చోబెట్టారు, ఆ చుక్కలేశాక కొన్ని గంటలు ఫోన్ చూడలేం, ఎండ భరించలేం, కాబట్టి తోడు లేకుండా వెళ్ళకండి, బండి మీద అసలు వెళ్ళకండి. ఇంత విసుగు పుట్టాక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చిన్న వయసే, మా కోడలి ఈడు ఉంటుంది. మెషిన్‌లో చూస్తూనే అడిగిన మొదటి మాట, "ఏం పని చేస్తారమ్మా?" కుడతానంటే "ఏది కష్టంగా ఉంది, దారం ఎక్కించడమా, రంగులా, ఎక్కువసేపు కూర్చోవడమా" అంది. మెట్లు దిగేటప్పుడు తడబడుతున్నారా, రాత్రి బయటికెళ్ళడం మానేశారా అని కూడా అడిగింది.

ఆవిడ చెప్పింది ఇదీ, నాకు గుర్తున్నంతలో. కంట్లో శుక్లం ఉండటం వేరు, దానికి ఆపరేషన్ అవసరం కావడం వేరు. అరవై దాటినవాళ్ళలో చాలామందికి ఎంతోకొంత ఉంటుంది. అద్దాలు మారిస్తే పని జరుగుతోంది అంటే ఆగొచ్చు, మామూలు శుక్లం కొన్ని నెలలు ఆగినందుకు కన్ను పాడైపోదు. పని ఆగిపోతోంది, పడిపోతామేమో అని భయం వేస్తోంది అంటే చార్టులో ఎన్ని వరసలు చదివారన్నది పక్కన పెట్టి చేయించుకోవాలి. ఆగకూడని కేసులు వేరే ఉన్నాయి, లెన్సు ఉబ్బి కంట్లో ప్రెషర్ పెంచుతుంటే, కంటి లోపల ఊరే నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉంటే, షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక పొర) పాడవుతోందేమో చూడాలంటే శుక్లం అడ్డొస్తుంటే. నాకు అవేవీ లేవు. "కాబట్టి ఎప్పుడన్నది మీరే చెప్పండమ్మా, తొందరేం లేదు, ఆరు నెలలకి మళ్ళీ చూపించుకోండి" అని పంపేసింది. శుక్లాన్ని కరిగించే చుక్కలు ఉన్నాయా అంటే లేవని ఒక్క మాటలో తేల్చేసింది, తేనె వేసుకోమన్న మా వీధి సలహాకి గట్టిగానే కోప్పడింది.

పడిపోవడం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా అబ్బాయి ఇంకోటి చదివి చెప్పాడు, 2012లో అమెరికాలో పెద్దవాళ్ళ ఇన్సూరెన్స్ లెక్కలు చూస్తే శుక్లం తీయించుకున్నవాళ్ళలో ఆ తర్వాత ఏడాదిలో తుంటి ఎముక విరగడం తక్కువగా ఉందట. మా ఇంటి మెట్లు ఇరుకు, లైటు తక్కువ, కాబట్టి ఈ మాట మా ఆయనకి బాగా ఎక్కింది, అప్పటిదాకా "ఇప్పుడెందుకులే" అన్న మనిషి.

నేను మాత్రం ఆగా. కొత్త అద్దాలు, మిషను మీద తెల్లటి ఎల్ఈడీ లైటు పెట్టించుకుని కొన్నాళ్ళు బండి లాగించా. దీపావళి ఆర్డర్లు వచ్చేసరికి తెలిసిపోయింది, మెరూన్ కి ముదురు బ్రౌన్ కి తేడా కోసం ప్రతిసారీ కోడల్ని పిలవాల్సి వస్తోంది, పైపింగ్ కుట్టు వంకర పోతోంది, సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. పండగ అయ్యాక వస్తానని ఫోన్ చేశా. ఎండాకాలంలో చేయించుకోకూడదు, వానల్లో చేయించుకోకూడదు అంటుంటారు కదా, ఇప్పటి ఆపరేషన్‌కి సీజన్‌తో సంబంధం లేదన్నారు. కాకపోతే ఇంట్లో పెళ్ళి, ప్రయాణం లాంటివి లేని టైం చూసుకోండి, చుక్కల మందు పని దాదాపు నెలా నెలన్నర ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, లెన్సు. దీని గురించే ఇంత రాస్తోంది. మామూలు మోనోఫోకల్ లెన్సుకి ఒకే దూరం. అందరికీ అడక్కుండా దూరం చూపుకి పెట్టేస్తారు, దగ్గరికి అద్దాలు వాడుకోమంటారు, జన్మంతా దూరం బాగా కనపడినవాళ్ళకి అది సరిపోతుంది. నాలాంటి మైనస్ వాళ్ళకి అలా చేస్తే నలభై ఏళ్ళుగా అద్దాలు తీసేసి చేసుకునే దగ్గరి పని ఒక్కసారిగా పోతుంది. డాక్టరమ్మ టేపు తీసి నేను మిషను దగ్గర ఎలా కూర్చుంటానో చూపించమని సూదికి కంటికి మధ్య దూరం కొలిచింది! మైనస్ రెండున్నర మిగిలేలా లెన్సు పవర్ లెక్క వేస్తే సుమారు 40 సెంటీమీటర్ల దగ్గర తేటగా కనపడుతుంది, బస్సు నంబరుకీ టీవీకీ మాత్రం పల్చటి అద్దాలు పెట్టుకోవాలి అంది. నాకు అద్దాలు కాలేజీ రోజుల నుంచీ అలవాటే, అవి పోవాలన్న కోరిక లేదు, అద్దాలు లేకుండా సూది కనపడాలి. లెక్క అర పవర్ అటూ ఇటూ కావొచ్చని కూడా ముందే చెప్పింది.

ట్రైఫోకల్ గురించి అడిగా, పక్కింటాయన పెట్టించుకుని మెనూ కార్డు, బోర్డు అన్నీ అద్దాల్లేకుండా చదువుతున్నాడు, ఆయనకి సంతోషమే. కానీ అందులో వచ్చే వెలుగుని రెండు మూడు దూరాలకి పంచుతారు కాబట్టి మసక వెలుతురులో కాంట్రాస్ట్, అంటే దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా తెలియడం, కొంచెం తగ్గుతుంది, రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనపడొచ్చు, రెటీనా జబ్బు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళకి సాధారణంగా వద్దంటారు. నల్ల బట్ట మీద నల్ల దారం చూసుకునేదాన్ని, నాకు కాంట్రాస్టే ముఖ్యం. డబ్బు ఎక్కువైతే చూపు ఎక్కువ అని కాదు, ఇది మొదటి ఆస్పత్రి అట్ట మీద ఎక్కడా లేదు.

ఇండియన్ లెన్సు అంటే మొహం చిట్లించేవాళ్ళకి ఒక మాట. మధురై అరవింద్ వాళ్ళు 1992లో ఆరోల్యాబ్ పెట్టి ఇక్కడే లెన్సులు తయారు చేయడం మొదలుపెట్టాకే మామూలు జనానికి లెన్సు అందుబాటులోకి వచ్చింది, అవి బయటి దేశాలకీ వెళ్తాయి. నేను పెట్టించుకున్నది మడిచి లోపలికి పంపే ఇండియన్ లెన్సే, ట్రస్టు ఆస్పత్రిలో ఒక కంటికి అన్నీ కలిపి 24,000 అయింది.

ఇన్సూరెన్స్ గురించి క్లుప్తంగా. నాది మా అబ్బాయి కంపెనీ గ్రూప్ పాలసీ, అందులో శుక్లానికి ఒక్కో కంటికి ఇంత అని లిమిట్ ఉంది, నాకు అందులో సరిపోయింది, ఖరీదైన లెన్సు అయితే పైది చేతి నుంచి పెట్టుకోవాలి. సొంతంగా తీసుకున్న పాలసీల్లో శుక్లానికి మామూలుగా రెండేళ్ళ వెయిటింగ్ ఉంటుంది, కొన్నిటిలో ఇంకా ఎక్కువ, ముందే చూసుకోండి. బిల్లుతో పాటు లెన్సు స్టిక్కరు అడుగుతారు, అది పారేయకండి.

ఆపరేషన్‌కి ముందు పరీక్షలు చాలానే ఉన్నాయి, బీపీ, షుగరు, ఈసీజీ, కంటి పొడవు కొలవడం, రెటీనా చూడటం. మైనస్ ఎక్కువ ఉన్నవాళ్ళకి రెటీనా అంచులు పల్చగా ఉండొచ్చని నాది ఇంకాసేపు చూశారు. కన్నీటి గొట్టంలోకి నీళ్ళు ఎక్కించి చూసేది ఒకటుంది, గొంతులోకి ఉప్పగా దిగుతుంది, దిగితే దారి బాగున్నట్టు. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను ఉలిక్కిపడి సిస్టర్ చెయ్యి తోసేశా పాపం. వాడే మందులన్నీ రాసి తీసుకెళ్ళండి. ముఖ్యంగా మగవాళ్ళు, ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నా, ఎప్పుడో వాడి మానేసినా చెప్పి తీరాలి, దానివల్ల ఆపరేషన్ టైములో కంటిపాప వదులైపోయి ముడుచుకుంటుందట, డాక్టరుకి ముందు తెలిస్తే తగిన ఏర్పాటు చేసుకుంటారు. మా ఆయనతో పాటు వాకింగ్‌కి వచ్చే నలుగురూ ఆ మాత్ర వాళ్ళే, ఒక్కరికీ ఈ సంగతి తెలీదు.

కన్సెంట్ ఫారం తమిళం, ఇంగ్లీషు, ఈ రెండిట్లోనే ఇచ్చారు. అంత తెలుగు జనం వచ్చే చోట తెలుగులో ఒక కాగితం వేయలేరా? ఇందుకు ఒక మార్కు కట్. మా కోడలు చదివి చెప్పాకే సంతకం పెట్టా, మీరూ అలాగే చేయండి.

ఆపరేషన్ రోజు సంగతి పెద్దగా రాయడానికి లేదు, నిజంగానే. ముందు రోజు తలంటు, పొద్దున కాటుక, పౌడరు ఏం లేకుండా రమ్మన్నారు. టోపీ, గౌను వేసి చుక్కలు, చుక్కలు, ఇంకా చుక్కలు. నాకు ఇంజెక్షన్ లేదు, మత్తు చుక్కలతోనే చేశారు, కదలకుండా ఉండలేని వాళ్ళకి కంటి పక్కన ఇంజెక్షన్ ఇస్తారట. మొహం మీద గుడ్డ కప్పుతారు, ఊపిరి ఆడదేమో అని భయమున్నవాళ్ళు ముందే చెప్పండి, గుడ్డ కింద గాలి పైపు సర్దుతారు. "లైటయే పారుంగమ్మా" అంటూ ఉంటారు, లైటు వంకే చూస్తూ ఉండాలి, రంగు రంగుల వెలుగులు కదులుతాయి, మిషను చప్పుడు, కంటి మీద చల్లటి నీళ్ళు, కాస్త ఒత్తిడి. నొప్పి లేదు. పావుగంట కన్నా ఎక్కువ పట్టలేదు అనుకుంటా. బయటికొచ్చాక కాఫీ, బిస్కెట్లు, నల్ల కళ్ళద్దాలు, సాయంత్రానికి ఇల్లు.

కష్టమంతా ఇంటికొచ్చాకే. యాంటీబయాటిక్ చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు వారం వారం తగ్గిస్తూ, రెండు మందుల మధ్య ఐదు నిమిషాల గ్యాప్, ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసా మూతి రెప్పకి తగలకూడదు. మా ఆయన గోడకి క్యాలెండర్ కాగితం అంటించి టిక్కులు పెట్టాడు. తలకి నీళ్ళు పోసుకోకూడదు, నేను ఆగలేక వీధి పార్లర్‌లో వెనక్కి వాల్చి తల కడిగించుకున్నా, డాక్టరమ్మని అడిగే లెండి. తాళింపు దగ్గరికి పోవద్దన్నారు, ఈ ఒక్క సలహా మాత్రం మనసారా పాటించా. రాత్రి కంటికి ప్లాస్టిక్ మూత. కన్ను ఎర్రబడి నొప్పి పెరుగుతున్నా, వచ్చిన చూపు మళ్ళీ తగ్గుతున్నా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే రమ్మన్నారు, ఇన్‌ఫెక్షన్ అరుదే గానీ వస్తే గంటల లెక్కలో చూడాలట. ఆ అర్జెంటు నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి.

మర్నాడు పట్టీ తీశాక చూస్తే ఆపరేషన్ అయిన కంటికి తెలుపు తెల్లగా, నీలం నీలంగా ఉంది, రెండో కన్ను మూసి ఒకటి, ఇది మూసి ఒకటి, అదే పని పెట్టుకున్నా. దారాల డబ్బా తెరిస్తే తెల్లవి అనుకున్నవాటిలో సగం క్రీమ్ కలరు, పాపం ఎవరెవరి జాకెట్లకి వేశానో. సూదిలో దారం అద్దాలు లేకుండా మొదటిసారే ఎక్కింది.

ఇబ్బందులూ చెప్పాలి. కొన్నాళ్ళు కన్ను గరగరలాడింది, చెవి వైపు అంచున చంద్రవంకలా ఒక నీడ కనపడేది, కొన్ని వారాలకి దాని మీద ధ్యాస పోయింది. అన్నిటికంటే పెద్ద తలనొప్పి, ఒక కన్ను మైనస్ రెండున్నర, ఇంకోటి మైనస్ ఆరు, పాత అద్దాలూ పనికిరావు, కొత్తవి చేయించినా రెండు కళ్ళకీ వస్తువులు వేరే వేరే సైజుల్లో కనపడతాయి, మెదడు కలుపుకోలేదు. రెండో కన్ను ఏడాది తర్వాత చూద్దాంలే అనుకున్నా, మొదటిది మానగానే రెండోదీ చేయించుకోవాల్సి వచ్చింది. మైనస్ ఎక్కువ ఉన్నవాళ్ళు ఒక కన్నే కదా అని మొదలుపెట్టకండి, రెండిటికీ డబ్బూ టైమూ సిద్ధం చేసుకుని దిగండి. డాక్టరమ్మ ఈ మాట ముందే చెప్పింది, కాబట్టి ఆవిడ మీద ఫిర్యాదు లేదు.

మార్కులు. మొదటి ఆస్పత్రికి ఐదుకి రెండు, ఆ రెండూ శుభ్రతకీ, టైముకీ. ట్రస్టు ఆస్పత్రికి ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్క మార్కూ కన్సెంట్ కాగితం సంగతికి, వెయిటింగ్‌కి కూడా అర మార్కు తీయాలి గానీ డాక్టరమ్మ టేపు తీసినందుకు అది వదిలేస్తున్నా. ఫాలోఅప్‌కి సోమవారం వెళ్ళకండి, వారం మధ్యలో జనం తక్కువ, క్యాంటీన్‌లో పొంగల్ బాగుంటుంది, కాఫీ బాగోదు.

డబ్బుకి ఇబ్బంది ఉన్నవాళ్ళు దీన్ని వాయిదా వేసుకోనక్కర్లేదు. ఎగ్మోర్ గవర్నమెంటు కంటాస్పత్రి ఉంది, 1819లో మొదలైంది, ప్రపంచంలోనే బాగా పాత కంటాస్పత్రుల్లో ఒకటి, కళ్ళకలకకి మద్రాస్ ఐ అని పేరొచ్చింది కూడా అక్కడి నుంచే అంటారు. పూనమల్లి హైరోడ్డు మీద అరవింద్ ఉంది, నుంగంబాక్కంలో 1978 నుంచి శంకర నేత్రాలయ ఉంది. నేను వీటిలో చేయించుకోలేదు కాబట్టి మార్కులు వేయను, కానీ మా వైపు నుంచి సెంట్రల్‌లో రైలు దిగి నేరుగా ఇలాంటి చోట్లకే పోయేవాళ్ళు చాలామంది.

ఇంకొకటి, కొన్ని నెలలకో ఏళ్ళకో మళ్ళీ మసక వస్తే శుక్లం తిరిగొచ్చిందని కంగారు పడొద్దు. తీసేసిన లెన్సు మళ్ళీ పెరగదు, కొత్త లెన్సు వెనకున్న పల్చటి సంచి మసకబారుతుంది, దానికి యాగ్ లేజర్ అని కూర్చోబెట్టి కొన్ని నిమిషాల్లో చేసేస్తారు, ఈ లేజర్ మాత్రం నిజంగానే పనికొచ్చే లేజర్. నాకింకా ఆ అవసరం రాలేదు. లెన్సు పవరు, నంబరు ఉన్న కార్డు ఒకటి ఇస్తారు, ఫోటో తీసి పిల్లల ఫోన్లలో కూడా వేసి పెట్టండి, మా ఆడబిడ్డ కార్డు ఎక్కడ పెట్టిందో వాళ్ళింట్లో ఇప్పటికీ వెతుకుతున్నారు.